నెత్తురు ఆగాక మెదడు చేసుకునే పని

(హనుమకొండలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్తే. మొదలుపెట్టే ముందు ఒక మనవి. బాబూ, ఆ ఎడమవైపు స్పీకర్ బాక్సు ఆపేస్తావా? నా భార్య రెండో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. పెద్ద చప్పుడు ఆమె తల ఇంకా తట్టుకోదు. ఆమె మెదడు చుట్టూ ఒకసారి నెత్తురు చిమ్మింది. ఎందుకు తట్టుకోదో, ఆ నెత్తురు తర్వాత ఎటు పోతుందో చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను. తనకు ఇబ్బంది అనిపిస్తే చెయ్యి ఎత్తుతుంది, నేను ఆపేస్తాను. మా ఇద్దరి ఒప్పందం అది.

నేను ముప్పై ఏళ్లకు పైగా జువాలజీ చెప్పాను. మీలో కొందరి పిల్లలు నా క్లాసులో కూర్చున్నవాళ్లే. శోషరస వ్యవస్థ, అంటే ఒంట్లో కణాల మధ్య మిగిలిన నీరూ చెత్తా తీసుకుపోయే నాళాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద మనిషి బొమ్మ వేసేవాణ్ని. గజ్జల దగ్గర, చంకల దగ్గర, మెడ దగ్గర ఆ నాళాలు చేరే బిళ్ళలకు గుర్తుగా చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ నాళాలు గీసేవాణ్ని. తల దగ్గరికి వచ్చేసరికి చాక్‌పీస్ ఆగిపోయేది. "మెదడుకు శోషరస నాళాలు లేవు, రాసుకోండి" అనేవాణ్ని. పుస్తకంలో అలాగే ఉండేది. పిల్లలు అలాగే రాసేవాళ్లు, నేను మార్కులు వేసేవాణ్ని. 2015లో ఆ మాట తప్పని తేలింది. అప్పుడు పేపర్లో చదివి, మరుసటి రోజు క్లాసులో ఒక నిమిషం చెప్పి వదిలేశాను. అది నా ఇంట్లోకే వచ్చే విషయమని అప్పుడు తెలియదు.

పోయిన ఏడాది కాదు, అంతకుముందు ఏడాది. సద్దుల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుంది. పొద్దున పదిన్నర. ఆమె వాకిట్లో పీట వేసుకుని గునుగు పూలకు రంగు అద్దుతోంది. నేను లోపల పేపర్ చదువుకుంటున్నాను. "ఇగో, జర ఇటు రాండ్రి, నా తల పగిలిపోతాంది" అని పిలిచింది. నేను వెళ్లేసరికి రెండు చేతులతో మెడ వెనక పట్టుకుని వంగిపోయి ఉంది. చేతుల గులాబీ రంగు మెడకూ జుట్టుకూ అంటుకుంది. రోకలితో కొట్టినట్టయిందట. వెంటనే వాంతి. వెలుతురు చూడలేకపోయింది.

పక్కింటామె పైత్యం అంది. నేను బీపీ అనుకున్నాను. దగ్గర్లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే గ్యాస్‌కు ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఇంటికి తెచ్చి, కిటికీలు మూసి పడుకోబెట్టాను. సాయంత్రం మా అబ్బాయి ఫోన్ చేస్తే వాణ్ని ఎప్పుడో చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచింది. అప్పుడు భయం పుట్టి 108కి ఫోన్ చేశాను. ఎనిమిది గంటలు పోయాయి. జీవశాస్త్రం చదివిన మనిషిని పక్కనే ఉండి పోగొట్టిన ఎనిమిది గంటలవి. అందుకే ఇది అందరికీ చెప్తున్నాను, అడిగినా అడగకపోయినా చెప్తున్నాను: జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి, ఒక్క నిమిషంలోపే తారస్థాయికి చేరితే, అది పిడుగు లాంటి తలనొప్పి. బామ్ రాసి చూద్దాం, పొద్దున చూద్దాం అనడానికి లేదు. సీటీ స్కాన్ కావాలి. మెదడు చుట్టూ నెత్తురు పడి ఉంటే, మొదటి ఆరు గంటల్లో తీసిన స్కాన్‌లో అది దాదాపు తప్పిపోదు. రోజులు గడిచేకొద్దీ మసకబారుతుంది. ఇంకో భయం కూడా ఉంది. ఒకసారి పగిలిన చోట మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ.

ఆ రాత్రి స్కాన్ ఫిల్మును డాక్టర్ లైటు ముందు పెట్టి చూపించారు. మెదడు అడుగున కొన్ని సందులుంటాయి, నీళ్లుండే చోటు కాబట్టి అవి ఫిల్ములో నల్లగా కనబడాలి. ఆమె ఫిల్ములో అక్కడ తెల్లని నక్షత్రం ఉంది. అయిదు మొనలతో, ఎవరో ముగ్గు వేసినట్టు. ఆ తెలుపంతా నెత్తురు.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి, ఓపిక పట్టండి. మెదడు మీద మూడు పొరలుంటాయి. పైన మందపాటి తోలు లాంటిది వరాశిక. కింద మెదడుకు అతుక్కుని ఉండే పల్చటిది మృద్వి. మధ్యలోది లౌతికళ. లూత అంటే సాలెపురుగు. సాలెగూడు లాంటి పోగులుంటాయి కనుక ఆ పేరు పెట్టారు, మన పాఠ్యపుస్తకాల్లో నాకు చాలా ఇష్టమైన మాట అది. ఆ సాలెగూడు కింద నీళ్లలాంటి ద్రవం తిరుగుతుంటుంది. మస్తిష్క మేరుద్రవం. మొత్తం కలిపి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు. రోజుకు తయారయ్యేది మాత్రం అర లీటరు దాకా ఉంటుంది. అంటే ఉన్న నీరు రోజుకు మూడు నాలుగు సార్లు మారిపోతోంది. వచ్చినంతా ఎటో పోవాలి కదా. ఎటు పోతుందన్నదే నా ఈ ప్రసంగమంతా.

మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు కూడా ఆ సాలెగూటి కిందే నడుస్తాయి. ధమని గోడ ఎక్కడైనా బలహీనపడితే సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు ఒక పొక్కు వస్తుంది. అది చాలామందికి ఉండొచ్చు, పెద్దవాళ్లలో నూటికి ముగ్గురికి ఉంటుందని అంచనా. చాలావరకు జీవితాంతం పగలదు. పగిలితే నెత్తురు ఒక్కసారిగా ఆ ద్రవంలోకి చిమ్ముతుంది. బీపీ, సిగరెట్, కుటుంబంలో ఇదివరకు వచ్చి ఉండటం ప్రమాదాన్ని పెంచుతాయి. ఆడవాళ్లలో ఎక్కువ. దెబ్బ తగలకుండా వచ్చే వాటిలో నూటికి 85 ఈ పొక్కు పగిలినవే. దెబ్బల వల్ల వచ్చేవి కలిపి లెక్కేస్తే అన్నిటికంటే పెద్ద కారణం తలకు తగిలే దెబ్బ. మేడారం దారిలో హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించుకుని పోయే పిల్లల్ని చూస్తే నా గుండె ఆగినంత పనవుతుంది.

ఆ రాత్రే అంబులెన్సులో హైదరాబాద్ తీసుకెళ్లారు. నూట నలభై కిలోమీటర్ల పైన. జనగామ దాటాక ఆమె నా చెయ్యి పట్టుకోవడం మానేసింది. ఆ దారి గురించి ఇంతకంటే చెప్పలేను. తెల్లారి గజ్జల దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి, ఆ పొక్కులో ప్లాటినం తీగ చుట్టలు చుట్టి మూసేశారు. బయటికి వచ్చి డాక్టర్ నాతో అన్నారు: "నెత్తురు ఆగింది సార్. పడిన నెత్తురు మాత్రం మేం తీసేయలేదు. అది పోవాలి." నేను లెక్చరర్ని కాబట్టి అడిగాను, ఎక్కడికి పోతుంది సార్ అని. ఆయన రెండు వేళ్లు తన మెడ పక్కన, దవడ కింద పెట్టుకుని చూపించారు. "ఇటు కూడా" అన్నారు.

నేను ముప్పై ఏళ్లు చాక్‌పీస్ ఆపిన చోటు అదే.

2020 ఆగస్టు వానలు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. 2023 జులై కూడా. నయీంనగర్ నాలా పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు వచ్చిన రోజు టెన్షన్ వేరు, నీళ్లు తీసిన తర్వాత పని వేరు. గోడల మూలల్లో బురద, బీరువా కింద బురద, స్విచ్ బోర్డులో బురద. వాసన నెలల తరబడి పోలేదు. నాలా పూడి ఉన్న వీధిలో ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. మెదడు చుట్టూ పడిన నెత్తురు కథ కూడా ఇంతే. చిమ్మిన క్షణంలో దెబ్బ ఒత్తిడిది. ఆ తర్వాత దెబ్బ మిగిలిపోయిన దానిది. ఎర్రకణాలు కొన్ని రోజుల్లో చితికిపోతాయి. లోపలి హిమోగ్లోబిన్ బయటికి వస్తుంది. నాళంలో ఉన్నంతసేపు ఊపిరి మోసే పదార్థం, నాళం బయట పడితే విషం. ధమనుల గోడలు వదులుగా ఉండటానికి కావాల్సిన నైట్రిక్ ఆక్సైడ్‌ను అది పీల్చేస్తుంది, ధమనులు బిగుసుకుంటాయి. పగిలిన నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఆ గండం. అందుకే నిమోడిపిన్ మాత్రలు ఇస్తారు, నాలుగు గంటలకోసారి రెండేసి, 21 రోజులు. లెక్క వేస్తే 252 మాత్రలు. అర్ధరాత్రి రెండింటికీ, పొద్దున ఆరింటికీ నా ఫోన్‌లో అలారం ఇప్పటికీ ఉంది, తీసేయబుద్ధి కాలేదు. హిమోగ్లోబిన్ విరిగితే పసుపు రంగు వస్తుంది, ఇనుము మిగులుతుంది. నడుము దగ్గర సూదితో తీసిన ఆమె ద్రవాన్ని ఒక నర్సమ్మ నాకు గాజు గొట్టంలో చూపించింది. పల్చటి పసుపు నీళ్ల రంగు. మంచినీళ్లలా ఉండాల్సింది.

ఈ చెత్తంతా బయటికి పోయే దారి గురించి మనుషులు చాలా కాలంగా వెతుకుతున్నారు. 1787లో పావోలో మస్కాన్యి అనే ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు శోషరస నాళాల్లోకి పాదరసం ఎక్కించి గీసిన బొమ్మల్లో మెదడు పై పొరలో కూడా నాళాలు చూపించాడు. ఎవరూ నమ్మలేదు. 1869లో జర్మనీలో ష్వాల్బె కుక్కల మెదడు చుట్టూ నీలం రంగు ఎక్కిస్తే అది మెడ బిళ్ళల్లో తేలింది. ముక్కు పైభాగంలో జల్లెడలాంటి ఎముక ఉంటుంది, వాసన నాడులు దాని రంధ్రాల్లోంచి దిగుతాయి, వాటి వెంబడి ద్రవం కూడా కారుతుందని తర్వాత తెలిసింది. అయినా వరాశికలో నాళాలు మాత్రం ఎవరికీ చిక్కలేదు. ఎందుకంటే పరిశోధకులు ముందు పుర్రె మూత తీసి, తర్వాత పొర ఒలిచేవాళ్లు. ఒలిచేటప్పుడు పొర ముడుచుకుపోయేది, చిరిగేది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో కిప్నిస్ ల్యాబులో లువో అనే కుర్రాడు వరస మార్చాడు. పొరను పుర్రె మూతకు అంటుకుని ఉండగానే రసాయనంతో గట్టిపరిచి, ఆ తర్వాత నెమ్మదిగా ఒలిచాడు. మైక్రోస్కోపు కింద ఎలుక మెదడు పొరలో పెద్ద సిర పక్కనే నాళాలు వరసగా కనిపించాయి. అదే 2015లో ఫిన్లాండ్‌లో అలిటాలో బృందం కూడా విడిగా అదే చూసింది. 2017లో అమెరికాలో మనుషుల తలల్లో ఎంఆర్ఐతో చూశారు. ఎంత చిన్న మార్పు! ఒలిచే ముందు గట్టిపరచడం, అంతే. ప్రాక్టికల్స్‌లో బొద్దింక ఒలిచిన ప్రతి పిల్లవాడికీ ఈ కథ చెప్పాలని నాకు అనిపిస్తుంది.

శోషరస నాళం పని ఏమిటో మన ప్రాంతం వాళ్లకు బొమ్మ గీసి చెప్పక్కర్లేదు. బోదకాలు చూడనివాళ్లు లేరు కదా. కాల్లో ఆ నాళాలు మూసుకుపోతే కాలు ఏమవుతుందో అందరం చూశాం. మరి తలలో మూసుకుపోతే?

దానికి జవాబు 2020లో చైనా పరిశోధకులు ఎలుకల్లో వెతికారు. మెదడు చుట్టూ నెత్తురు పడ్డ ఎలుకల మెడ బిళ్ళల్లో ఎర్రకణాలు పేరుకుని కనిపించాయి. అంటే తలలోంచి మెడలోకి దిగాయి. ముందే వరాశిక నాళాలను పాడుచేసిన ఎలుకల్లో మెడకు చేరినవి తక్కువ, మెదడులో వాపు ఎక్కువ, ఎలుకలు కోలుకోవడం అధ్వాన్నం. డాక్టర్ గారి రెండు వేళ్లు సరిగ్గా ఆ చోట పెట్టారు.

ఇంకో దారి మెదడు లోపల ఉంది. 2012లో డెన్మార్క్ శాస్త్రవేత్త మైకెన్ నెదర్‌గార్డ్ బృందం దానికి గ్లింఫాటిక్ వ్యవస్థ అని పేరు పెట్టింది. ధమనుల చుట్టూ ఉండే సందుల వెంబడి ద్రవం మెదడులోకి దిగి, కణాల మధ్య తిరిగి, మలినాలు తీసుకుని బయటికి వస్తుందని వాళ్ల వాదన. సందుల చుట్టూ ఉండే నక్షత్ర కణాల పాదాల మీద ఆక్వాపోరిన్-4 అనే నీటి ద్వారాలుంటాయి. మెదడు చుట్టూ నెత్తురు పడితే ఆ సందులు గడ్డలతో మూసుకుపోయి ప్రవాహం బాగా పడిపోతుందని 2014లో జంతువుల్లో చూపించారు. 2013లో నిద్రపోయే ఎలుకల మెదడులో కణాల మధ్య జాగా 60 శాతం పెరుగుతుందన్నారు. నిజాయితీగా చెప్పాలంటే ఇది ఇంకా తేలలేదు. 2024లో లండన్ వాళ్లు ఎలుకల్లోనే చేసి, నిద్రలో శుభ్రత పెరగడం కాదు, తగ్గుతోందన్నారు. మనుషుల్లో మాత్రం ఒక్క రాత్రి నిద్ర లేకపోయినా మెదడులోంచి రంగు పదార్థం బయటికి పోవడం మందగించినట్టు నార్వే వాళ్లు ఎంఆర్ఐలో చూశారు. నేను ఆ వాదనలో తీర్పు చెప్పేవాణ్ని కాదు. నా భార్య నిద్రను మాత్రం ఎవరూ చెడగొట్టకుండా కాపలా కాశాను.

శుభ్రం చేయడం వల్ల మనుషులకు మేలు జరుగుతుందా అంటే, 2023లో ఒక మంచి అధ్యయనం వచ్చింది. జర్మనీ, స్విట్జర్లాండ్, కెనడాల్లో 287 మంది రోగులు. సగం మందికి మామూలు చికిత్స. మిగతా సగానికి దాంతోపాటు నడుములో సన్నటి గొట్టం పెట్టి నెత్తురు కలిసిన ద్రవాన్ని కొంచెం కొంచెంగా బయటికి తీశారు. ఆరు నెలల తర్వాత పరిస్థితి బాగోలేనివాళ్లు మామూలు చికిత్సలో నూటికి 45 మంది, గొట్టం పెట్టినవాళ్లలో నూటికి 33 మంది. నాలా పూడితే పక్క నుంచి కాలువ కొట్టినట్టు. అందరికీ పనికి రాదు, ఎవరికి పెట్టాలో డాక్టర్లే చూడాలి. కానీ కడగడం అనేది ఒట్టి ఎలుకల ముచ్చట కాదని నాకు దాన్ని చదివాక నమ్మకం కుదిరింది.

ఇప్పుడు ఇంటి సంగతి. ఇరవై ఆరో రోజు డిశ్చార్జ్ చేశారు. స్కాన్‌లో తెల్ల నక్షత్రం లేదు. నడుస్తోంది, మాట్లాడుతోంది. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ "మంచిగైంది, దేవుని దయ" అన్నారు. నెల తర్వాత అదే చుట్టాలు "ఇంకెన్ని రోజులు పండుకుంటది, జర లేపి పని చెప్పు, హుషారైతది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట ఆమెకు ఎంత తగిలిందో నేను చూశాను. తనకు బద్ధకం వచ్చిందేమోనని తనే అనుమానపడేది.

నేను ఒక నోటుబుక్కు పెట్టాను. మొదటి వారం: రోజుకు పదహారు గంటలు నిద్ర. మూడో నెల: ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అర్థం కావడం లేదు, ఏడ్చింది. నాలుగో నెల: కూర వండింది, ఉప్పు వేసిందో లేదో గుర్తులేక మూడుసార్లు వేసింది. ఆరో నెల: ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసి, ఏమీ రావట్లేదంది. వాసన తగ్గడం ఈ జబ్బులో కొందరికి ఉంటుందని డాక్టర్ చెప్పారు. తొమ్మిదో నెల: వాన పడితే మట్టి వాసన వచ్చిందంది. ఆ పేజీలో ఆ ఒక్క వాక్యమే ఉంది. అలసట, మతిమరుపు, చప్పుడుకూ వెలుతురుకూ చిరాకు, ఊరికే దిగులు, ఇవన్నీ ఈ జబ్బు తర్వాత నెలలు, కొందరికి ఏళ్లు ఉంటాయి. స్కాన్ బాగుందని అవి అబద్ధం కావు. గేటుకు ఒక కాగితం అతికించాను, దయచేసి సాయంత్రం ఐదు తర్వాత రండి, ఒక్కొక్కరే మాట్లాడండి అని. కొందరు నొచ్చుకున్నారు. కాగితం మాత్రం తీయలేదు.

అయితే నిద్ర వేరు, మత్తు వేరు. ఇంటికి వచ్చాక ఎప్పుడైనా నడక తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం, తెలివి మందగించడం మొదలైతే అలసట అని వదిలేయకండి. పోవాల్సిన ద్రవం పోక లోపల నిండుతోందేమో చూడాలి. కొందరికి మెదడు నుంచి పొట్టలోకి గొట్టం వేయాల్సి వస్తుంది.

ఇక్కడ కూర్చున్న మనందరి వయసుకు సంబంధించింది ఒకటుంది, దాని మీద తొందరపడి పోను. బాత్రూములో జారి పడతాం. తలకు చిన్న బొప్పి. రెండు రోజుల్లో మరిచిపోతాం. మూడు వారాలకో, రెండు నెలలకో ఒక కాలు ఈడ్చడం, చొక్కా గుండీలు తప్పు పెట్టుకోవడం, మాట తడబడటం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు వయసు అనుకుంటారు. వరాశిక కింద నెత్తురు కొంచెం కొంచెంగా చేరుతుంటే అలా అవుతుంది. గుండెకని రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లలో, తాగుడు అలవాటున్నవాళ్లలో ఎక్కువ. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోయి సిరలు సాగి ఉంటాయి, చిన్న కుదుపుకే తెగుతాయి. వరాశిక నాళాలు కూడా వయసుతో సన్నబడతాయని ఎలుకల్లో చూశారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తే చాలామంది లేచి నడుస్తారు. ఆ పొరకు రక్తమిచ్చే ధమనిని మూసేస్తే మళ్లీ చేరడం తగ్గుతుందని 2024లో పెద్ద అధ్యయనాలు వచ్చాయి. మన పని మాత్రం ఒకటే, పడ్డ తారీఖు క్యాలెండర్ మీద రాసిపెట్టుకోవడం. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నకు అది జవాబు.

చివరగా ఒక హెచ్చరిక. 2025లో కొరియా వాళ్లు ఎలుకల ముఖం, మెడ చర్మం మీద మెల్లగా నిమిరితే మెదడు ద్రవం ఎక్కువగా దిగిందని చూపించారు. ఆ వార్త వచ్చాక ఫోన్లలో మెదడు శుభ్రం చేసే మసాజ్ వీడియోలు తిరుగుతున్నాయి. అది ఎలుక. నెత్తురు పడ్డ మనిషి మెడ మీద ఎవరి ప్రయోగాలూ వద్దు. క్షవరం అయ్యాక మెడ పట్టుకుని టక్కుమని తిప్పించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. వెన్నెముకలోంచి మెదడుకు పోయే ధమని లోపలి పొర ఆ తిప్పుడుకు చిరిగి పక్షవాతం వచ్చినవాళ్లున్నారు. మంగలి అన్నకు ముందే చెప్పండి, నూనె రాయి, మెడ మాత్రం తిప్పకు అని.

పోయిన బతుకమ్మకు ఆమె వాకిట్లోనే పీట వేసుకుని కూర్చుంది. ఈసారి గునుగుకు రంగు నేను అద్దాను, పేర్చడం తను పేర్చింది. గుడి దగ్గర రెండు చుట్లు తిరిగి, పాట పెరిగేసరికి వచ్చి అరుగు మీద కూర్చుని దూరం నుంచి...

సరే. చెయ్యి ఎత్తింది. ప్రశ్నలు ఉన్నవాళ్లు బయట వేపచెట్టు కింద కలవండి, నేను అక్కడే ఉంటాను. చప్పట్లు కొట్టకండి, దయచేసి.